కనకవ్వ కణాల పనితనం

నవాగామ్, సూరత్
జూన్ 4, 2025

రక్తం పరీక్షలు చేసే లాబ్ అధికారులకు,

నవాగామ్‌లో ఉంటున్న దేవదాస్ నమస్కారాలు. మేమిక్కడ ఎండకు మాడుతున్నాం. మీరు చల్లగానే ఉండి ఉంటారు, మీ కౌంటరు దగ్గరే అంత చల్లగా ఉంది.

ముందు నేనెవరో చెప్పాలి. మాది సిరిసిల్ల వైపు. ఇరవై ఆరేళ్లుగా సూరత్‌లో మగ్గాల మీద బతుకుతున్నాను. ఇప్పుడు పాండేసరలో ఒక కార్ఖానాలో నలభై ఎనిమిది వాటర్‌జెట్ మగ్గాలకు మాస్టర్ని. ఆ చప్పుడుకు చెవులు సగం పోయాయి. ఎదురుగా ఉంటే పెదవులు చూసి మాట పట్టుకుంటాను, ఫోన్‌లో పెదవులు కనబడవు. అందుకే ఈ ఉత్తరం. జవాబు కూడా తెలుగులో ఉత్తరంగానే పంపండి. తెలుగు వచ్చినవాళ్లు మీ దగ్గర లేకపోతే ఒకరిని పెట్టుకోండి.

నా భార్య పేరు కనకవ్వ. ఆమె రక్తం మీ దగ్గర ఉంది. పోయిన అక్టోబర్‌లో ఆమెకు ఉన్నట్టుండి మతి చెదిరింది. అన్నం పొయ్యి మీద పెట్టి బయటికి నడిచి వెళ్లిపోయేది. నన్ను చూసి ఎవరు నువ్వు అని అడిగేది. ఒకరోజు ఫిట్స్ వచ్చి పడిపోయింది. గాలి సోకిందని కొందరు, నాతో వేగలేక అలా అయిందని కొందరు అన్నారు. డాక్టర్ రఘుపతి గారు మాత్రం, ఒంటిని కాపాడాల్సిన కణాలే పొరపాటున మెదడు మీద పడ్డాయని, దానివల్ల మెదడు వాచిందని చెప్పి మందులిచ్చారు. మనిషి మెల్లగా తిరిగొచ్చింది. ఆ కణాలు ఇప్పుడు ఎలా ఉన్నాయో చూడటానికి మీ దగ్గర పరీక్ష రాశారు.

ఇక అసలు సంగతి. జబ్బు చేసినప్పుడు మీరిచ్చిన రిపోర్టులో కణాల చురుకుదనం ఎనభై ఒక్క శాతం. ఇన్ని నెలలు మందులు మింగించాక మొన్న మీరిచ్చిన రిపోర్టులో నలభై ఆరు! మా కార్ఖానాలో ఒక మగ్గం ఇలా పడిపోతే సేఠ్ నన్ను నిలబెట్టి అడుగుతాడు. మిమ్మల్ని అడిగేవాళ్లు లేరా? మీ యంత్రాలకు ఎవరూ నూనె వేయడం లేదా? నాలుగు రోజులుగా నాకు కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే నడవాలనిపిస్తోంది. నిన్న ఆమె పప్పులో ఉప్పు కూడా మర్చిపోయింది. నలభై ఆరు కదా, మర్చిపోక ఏం చేస్తుంది.

అక్షరాలు వంకరగా ఉంటే మన్నించండి. చాలా రోజులుగా రాయని చేయి.

మీ జవాబు కోసం వాకిట్లో అటూ ఇటూ తిరిగే,
దేవదాస్

తా.క.: నూనె మాట కోపంలో అన్నది. మీరు వేస్తూనే ఉంటారు.

మరో తా.క.: పప్పులో ఉప్పు లేకపోవడానికి కారణం ఇంట్లో ఉప్పు లేకపోవడం. తెమ్మని ఆమె రెండు రోజుల నుంచి చెబుతూనే ఉంది.


సూరత్
జూన్ 11, 2025

దేవదాస్ గారికి,

నమస్కారం. నా పేరు హిమశ్రీ. ఈ లాబ్‌లో కణాల పరీక్షలు చేసేది నేనే. మాది భీమవరం. మీ ఉత్తరం మూడు రోజులు ఇక్కడి బల్లలన్నీ తిరిగింది. ఒకరు తమిళమన్నారు, ఒకరు కన్నడమన్నారు. చివరికి కాంటీన్‌లో నా చేతికొచ్చింది. ఊరు వదిలిన తర్వాత నాకొచ్చిన మొదటి తెలుగు ఉత్తరం ఇదే. అందులో నన్ను తిట్టారన్నది వేరే సంగతి.

మీరు కంగారు పడాల్సిన పని లేదు. మేం చేసే పరీక్ష ఏమిటో చెబుతాను. కనకవ్వ గారి రక్తంలోంచి తెల్లకణాలను వేరుచేసి, ఒంటి వేడి ఉండే ఒక పెట్టెలో పెడతాం. వాటిని కొంచెం రెచ్చగొడతాం. అప్పుడు ఎన్ని కణాలు లేచి గొడవకు దిగుతాయో చూస్తాం. మీరు చూసిన శాతం అదే. ఆమె జబ్బు కణాలు బద్ధకించి వచ్చింది కాదు, హద్దు మీరి రెచ్చిపోయి వచ్చింది. మందు వాటిని శాంతపరుస్తోంది. ఎనభై ఒకటి నలభై ఆరుకు దిగిందంటే అది మంచి కబురే. అయితే ఈ అంకె ఒక్కటి చూసి ఎవరూ మందు మార్చరు. మనిషిని పరీక్షించి డాక్టర్ గారే చెబుతారు.

ఇంకొక విన్నపం. ప్రతిసారీ ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తాన్ని పక్కన పెట్టుకుని పోల్చి చూస్తాం. మీకు ఇష్టమైతే వచ్చే నెల కనకవ్వ గారితో పాటు మీరూ రక్తం ఇవ్వండి. ఒకే ఇంట్లో ఒకే తిండి తినే మనిషైతే పోలిక ఇంకా బాగుంటుంది.

ఇక నిశ్చింతగా కూర్చోమని కోరుతూ,
హిమశ్రీ

తా.క.: మా యంత్రాలకు నూనె వేస్తే నన్ను ఇంటికి పంపిస్తారు. ఈ సలహా మా పై అధికారికి మాత్రం రాయకండి.


నవాగామ్
జూలై 9, 2025

హిమశ్రీ మేడమ్ గారికి,

దేవదాస్ నమస్కారాలు. వానలు మొదలయ్యాయి. మా వాకిట్లో నీళ్లు, నా కడుపులో మంట.

తగ్గితే మంచిదని మీరు రాశారు. మా సేఠ్ దగ్గరి గుమాస్తా కూడా ఇలాగే మాట్లాడతాడు. నూలు రాకపోతే ఒకందుకు మంచిదే అంటాడు, మోటారు కాలిపోతే ఒకందుకు మంచిదే అంటాడు. ఇన్నేళ్లలో అతను చెప్పిన ఆ ఒకందుకు ఏమిటో నాకు కనబడలేదు.

మీకు మగ్గాల సంగతి తెలియదు కాబట్టి చెబుతున్నాను. మా ప్రతి మగ్గానికీ ఒక చిన్న తెర ఉంటుంది. ఆ పాళీలో, అంటే షిఫ్టులో, మగ్గం ఎంతసేపు ఆగకుండా నడిచిందో దాని మీద శాతం కనబడుతుంది. తొంభై దాటితే సేఠ్ నన్ను పేరు పెట్టి పిలుస్తాడు. ఎనభైకి దిగితే ఓయ్ అంటాడు. డెబ్బైకి దిగితే నేను ఊరికి రైలు చూసుకోవాలి. నాకు తెలిసిన శాతం ఇదే. పనిచేసేదేదైనా ఎక్కువ పనిచేయాలి, ఇందులో రెండో మాట ఉండదు.

మీరు అడిగారని నేనూ రక్తం ఇచ్చాను. రిపోర్టు కౌంటరు దగ్గరే విప్పి చూశాను. కనకవ్వ ముప్ఫై తొమ్మిది, నేను ఇరవై నాలుగు! ఇరవై ఆరేళ్లలో నేను ఒక్క పాళీ మానలేదు. పన్నెండు గంటలు మగ్గాల మధ్య తిరుగుతాను. నన్ను ఇరవై నాలుగంటారా? మంచం మీద నుంచి లేచిన మనిషి ముప్ఫై తొమ్మిది, నేను ఇరవై నాలుగు! (ఇక్కడ ఒక మాట ఉంది, రాయలేదు.) ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను, ఎవరికీ చూపించలేదు. అయినా సాయంత్రానికి గల్లీ అంతా తెలిసింది.

అందుకని ఒక నిర్ణయానికి వచ్చాను. సాయంత్రం మాత్ర మొదలుపెట్టినప్పటి నుంచే కనకవ్వ అంకె పడుతోంది. ఇవాల్టి నుంచి ఆ మాత్ర ఆపేస్తున్నాం. తీసి పై అరలో పెట్టేశాను. వచ్చే నెల ఆమెను అరవై దాటించి చూపిస్తాను. ఆమె మళ్లీ మునుపటి మనిషి కావాలి. నాకు కావాల్సింది అదొక్కటే, ఇంకేమీ అడగను.

తల దించుకుని పనికి పోతున్న,
దేవదాస్

తా.క.: ఇరవై నాలుగు సరిగ్గానే వచ్చిందని మా ఇంట్లోనూ, పక్కింటి బాలవ్వ దగ్గరా ఒక అభిప్రాయం ఉంది.

మరో తా.క.: మాత్ర సంగతికి మీరు మరీ బెంగపడవద్దు. జరగాల్సింది జరుగుతూనే ఉంటుంది.


సూరత్
జూలై 12, 2025

దేవదాస్ గారికి,

నమస్కారాలు తర్వాత. ముందు ఆ మాత్ర పై అరలోంచి కిందికి దించండి.

మీ ఉత్తరం కూర్చుని మొదలుపెట్టి నిలబడి ముగించాను. మీ నంబరుకు ఏడుసార్లు ఫోన్ చేశాను. ఏడుసార్లూ మగ్గాల చప్పుడే వినిపించింది. ఎనిమిదోసారి మీరు ‘మనిషి లేడు, రేపు రా’ అని అరిచి పెట్టేశారు. నేను రేపు రావడానికి మగ్గం నడిపేదాన్ని కాదు.

దయచేసి అర్థం చేసుకోండి. మీ మగ్గం ఎంత నడిస్తే అంత లాభం. ఈ కణాలు అలా కాదు. వీటికి పని ఎక్కువైతే పడేది కనకవ్వ గారి మెదడు మీదే. మాత్ర హఠాత్తుగా ఆపితే ఆమెకు మళ్లీ ఫిట్స్ రావచ్చు. మళ్లీ మిమ్మల్ని గుర్తుపట్టకపోవచ్చు. ఇంతకంటే గట్టిగా రాయడం నాకు చేతకాదు. డాక్టర్ రఘుపతి గారికి విషయం చెప్పాను. ఆమెను వెంటనే తీసుకురమ్మన్నారు.

మీ ఇరవై నాలుగు ఆరోగ్యవంతుడి అంకె. దానికి మీరు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

మీరు ఈ ఉత్తరం అందిన క్షణంలోనే బయలుదేరతారని ఆశిస్తూ,
హిమశ్రీ

తా.క.: మీ కోసం నా రక్తం కూడా పరీక్షించుకున్నాను. పంతొమ్మిది. నేను మీకంటే కింద.

మరో తా.క.: మీరు పైన మాత్ర ఆపేశాను అని రాసి, కింద బెంగపడవద్దు అని రాశారు. రెంటిలో నేను దేన్ని నమ్మాలి?


నవాగామ్
ఆగస్టు 8, 2025

హిమశ్రీ మేడమ్ గారికి,

దేవదాస్ నమస్కారాలు. మీకు పంతొమ్మిది వచ్చిందని తెలిసి నాకు కొంచెం ఊరట కలిగింది. మీరేమీ అనుకోకండి.

మీరు చెప్పినట్టే కనకవ్వను డాక్టర్ గారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఆమెను నడిపించారు, మాట్లాడించారు, కళ్లలో లైటు వేసి చూశారు. అంతా బాగుందన్నారు. మందులు వేసుకుంటున్నావా అని అడిగితే ఆమె తడుముకోకుండా ‘ఒక్క పూట గూడ తప్పలేదు సారూ’ అంది. నా మాట కింద పడనీయకుండా అంత చక్కగా అబద్ధం ఆడినందుకు నాకు కళ్లు చెమ్మగిల్లాయి. తిరిగొచ్చేటప్పుడు ఆమెకు చెరకు రసం తాగించాను.

కానీ నెల గడిచింది, రిపోర్టు వచ్చింది. ముప్ఫై! మాత్ర ఆపినా ముప్ఫై! అరవై ఎక్కడ, ముప్ఫై ఎక్కడ. మాత్ర తప్పు కాకపోతే తప్పు మీ దగ్గరే ఉండాలి. మీ పెట్టెకు కరెంటు సరిగ్గా వస్తోందా? మా పాండేసరలో పది నిమిషాలు కరెంటు ఊగితే పాళీ అంతా చెడిపోతుంది. కణాలను రెచ్చగొడతాం అని రాశారు. ఎవరు రెచ్చగొడుతున్నారు? కొత్త మనుషులకు అది చేతకాదు. నన్ను పిలిస్తే వచ్చి చూపిస్తాను. నేను ఒక్క మాట అంటే నలభై ఎనిమిది మగ్గాల దగ్గర మనుషులు లేచి నిలబడతారు, మీ కణాలు ఎంత.

ఇంట్లో నాకు నిలకడ లేదు. ఆమె వంట చేస్తుంటే గడప దగ్గర నిలబడి చూస్తాను. ఆమె నీళ్లకు పోతే వెనక పోతాను. రోజూ లేవగానే నేనెవరినని అడుగుతాను. నిన్న ‘ఇరవై నాలుగు’ అని చెప్పి పని చేసుకుంటూ పోయింది. అది గుర్తుపట్టినట్టా, పట్టనట్టా? మీరు చదువుకున్నవాళ్లు, చెప్పండి.

గడప దగ్గరే నిలబడి ఉన్న,
దేవదాస్

తా.క.: రోజుకు మూడుసార్లు నేనెవరినని అడిగితే ఎవరికైనా విసుగొస్తుంది. డాక్టర్ గారు చెప్పిన జాగ్రత్తల్లో ఇది లేదు.

మరో తా.క.: ఈ ఉత్తరం మధ్యలో సిరా అయిపోయింది. లేకపోతే కరెంటు గురించి ఇంకా రెండు పేజీలు ఉండేవి. సిరా తక్కువ పోసినవాళ్లకు దండం.


సూరత్
ఆగస్టు 13, 2025

దేవదాస్ గారికి,

నమస్కారం. మా పెట్టెకు కరెంటు బాగానే వస్తోంది. కరెంటు లేనిది నాకే.

మీ ముప్ఫై నన్ను తినేస్తోంది. నెలరోజులుగా మాత్ర లేకపోతే ఆ అంకె పెరగాలి. తగ్గింది. అదే రక్తాన్ని రెండోసారి చూశాను, ముప్ఫై ఒకటి వచ్చింది. గొట్టం మీద పేరు చూశాను, చీటీ చూశాను, రక్తం తీసినవాళ్లను పిలిచి అడిగాను. అంతా సరిగ్గానే ఉంది. ఎక్కడో ఏదో తప్పు జరుగుతోంది, అదేమిటో నాకు దొరకడం లేదు. కనకవ్వ గారి పేరు మీద ఇంకెవరి రక్తమైనా ఇప్పించారా? నిజం చెప్పండి, ఏమీ అనను. అంకె ఏదైనా సరే, ఆ మాత్ర మాత్రం ఇవాళే మళ్లీ మొదలుపెట్టండి.

ఇంకొక సంగతి రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. ఏమీ అనుకోవద్దు. నాకు కనకవ్వ గారి కంటే మీ గురించే ఎక్కువ దిగులుగా ఉంది. మీ ఉత్తరాలన్నీ ముందు పెట్టుకుని మళ్లీ చదివాను. పేజీ పైన మీరు నా మీదికి కొట్లాటకు వస్తారు. అదే పేజీ అడుగున మీ తరఫున మీరే సర్దిచెబుతారు. పైన భార్య ఉప్పు మర్చిపోయిందంటారు, కింద ఉప్పు తేనిది మీరే అంటారు. ఇరవై నాలుగని పైన ఏడ్చి, కింద సరిగ్గానే వచ్చిందంటారు. ఒకే ఉత్తరంలో ఇద్దరు మనుషులు రాస్తున్నట్టుంది. మీ తలలో ఇంకొకరు మాట్లాడుతున్నట్టు ఎప్పుడైనా అనిపిస్తోందా? మీకు తెలియకుండా మీ చేయి రాసుకుంటూ పోతోందా?

డాక్టర్ రఘుపతి గారికి ఫోన్ చేసి చెప్పాను. ఈసారి మిమ్మల్ని చూస్తారు. భయపడకుండా వెళ్లండి, బాబాయి గారూ.

మీ మేలు కోరే,
హిమశ్రీ

తా.క.: బాబాయి గారూ అని చేయి దానంతటదే రాసేసింది. నాకూ మొదలైందేమో తెలియదు.


నవాగామ్
ఆగస్టు 21, 2025

హిమశ్రీ బిడ్డకు,

బాబాయి అన్నావు కాబట్టి బిడ్డా అంటున్నాను. కానీ కోపం పోలేదు.

నా చేయి నాకు తెలియకుండా రాస్తోందా అని అడుగుతావా? నా చేయి నేను చెప్పని పని ఒక్కటీ చేయదు. ఈ మాట మాత్రం నేను ఎవరి ముందైనా ఒట్టు వేసి చెబుతాను.

నువ్వు చెప్పావని డాక్టర్ గారి దగ్గరికి పోయాను. ఇది ఏ నెల అని అడిగారు, చెప్పాను. ఏ ఊరు అని అడిగారు, చెప్పాను. వందలోంచి ఏడు తీసేసి, మిగిలినదాంట్లోంచి మళ్లీ ఏడు, అలా తగ్గిస్తూ పొమ్మన్నారు. నాకు ఒళ్లు మండింది. ‘వంద చేతుల ఉంటె నేనెందుకు తగ్గిస్త సారూ? గిన్నేండ్ల సంది పెంచుడే నా పని’ అన్నాను. ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నారు. గడియారం బొమ్మ గీయమన్నారు. పాళీ మారే వేళకు ముళ్లు పెట్టి గీశాను. ఎందుకు ఆ వేళే అని అడిగారు. గడియారంలో ఇంకో వేళతో పనేముంది?

చివరికి కాగితం, పెన్ను ఇచ్చి ఏదైనా ఒక వాక్యం రాయమన్నారు. నేను రాయనన్నాను. ఒక్కటే వాక్యం, మీ ఇష్టం వచ్చింది అన్నారు. వేలు నొప్పి అన్నాను. ఏ వేలు అన్నారు. అన్నీ అన్నాను. ఆయన ముఖం చూస్తే నాకే భయం వేసింది. ఇన్నాళ్లూ కనకవ్వ గురించి నిద్ర లేదు, ఇప్పుడు నా గురించి కూడా లేకుండా చేశావు.

అన్ని వేళ్లూ బాగానే ఉన్న,
దేవదాస్

తా.క.: డాక్టర్ గారి ముందు మరీ అంత గట్టిగా మాట్లాడి ఉండాల్సింది కాదు. బయట వరండాలో కూర్చున్నవాళ్లందరికీ వినిపించింది. అక్కడ తలెత్తుకోలేకపోయినవాళ్లు కూడా ఉన్నారు.


సూరత్
ఆగస్టు 25, 2025

బాబాయి గారికి,

ఇప్పుడే డాక్టర్ రఘుపతి గారితో మాట్లాడాను. ఈ ఉత్తరాన్ని పోస్టులో వేయకుండా మనిషి చేత పంపిస్తున్నాను.

మీరు నాలుగు పేజీల ఉత్తరాలు రాసే మనిషి. నా దగ్గర అన్నీ ఉన్నాయి. అలాంటి మీరు డాక్టర్ గారి ముందు ఒక్క వాక్యం రాయలేకపోయారు. పెన్ను పట్టుకోవడమే కొత్త అన్నట్టు పట్టుకున్నారని ఆయన అన్నారు. చేతికి వచ్చిన విద్య ఇలా ఉన్నట్టుండి పోవడం మంచిది కాదు. మీరు అంత పొడుగు ఉత్తరాలు రాస్తారని నేను చెప్పగానే ఆయన కూడా గాభరా పడ్డారు. గురువారం మిమ్మల్ని ఆసుపత్రిలో చేర్చుకుంటారు. తల స్కాన్ తీసి, వెన్నులోంచి నీరు తీసి పరీక్షిస్తారు. ఒకే ఇంట్లో ఇద్దరికి ఇలాంటి జబ్బు రావడం చాలా అరుదు. అందుకే ఆలస్యం చేయవద్దన్నారు.

మీకు ఇది చదవడం కష్టంగా ఉంటే ఎవరి చేతైనా చదివించుకోండి. కనకవ్వ గారికి ఒక్కసారిగా చెప్పి భయపెట్టకండి, మెల్లగా చెప్పండి.

దేవుడి మీద భారం వేసి,
హిమశ్రీ

తా.క.: మీ మీద కోపం తెచ్చుకున్న ప్రతి ఉత్తరానికీ క్షమించండి. ఈసారి ఎంత తిట్టినా సరే, మీ చేత్తో రాసి పంపండి.


నవాగామ్
ఆగస్టు 26, 2025

బిడ్డ హిమశ్రీకి,

కనకవ్వ దీవెనలు. నీతో నాకు మూడు నెలల పరిచయం. నీకు నాతో ఇదే మొదలు.

గురువారం మా ఆయన్ని ఆసుపత్రిలో చేర్చవద్దు. వెన్నులోంచి నీరు తీయవద్దు. ఆయన మతి ఎక్కడికీ పోలేదు. ఆయనకు రాయడం రాదు, అంతే. అంకెలు చదువుతాడు, పేరు సంతకం పెడతాడు. నీకు వచ్చిన ఉత్తరాలన్నీ ఆయన చెబితే నేను రాసినవి. అడుగున తా.క.లు మాత్రం నా సొంతం, అవి ఆయనకు చదివి వినిపించలేదు. నీ జవాబుల్లో వాటి సంగతి వచ్చిన చోట దాటేసి చదివాను. నలభై ఎనిమిది మగ్గాల మాస్టర్‌కు చదువు రాదని లాబ్ వాళ్లకు తెలియకూడదని ఆయన పట్టు. డాక్టర్ గారి దగ్గర కూడా చెప్పడానికి సిగ్గుపడ్డాడు. వేలు నొప్పి అంటుంటే నేను వరండాలో కూర్చుని విన్నాను.

ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తే నువ్వు పోలీసులను పిలిచేదానివి. ‘గదేంది, గా పిల్ల నన్ను ఇరవై నాలుగంటదా, గామెకెంత ధైర్యం’ అని ఆయన వాకిట్లో తిరుగుతూ అరుస్తాడు. నేను దాన్ని బడిలో నేర్చుకున్న భాషలోకి దించి రాస్తాను. ఏడో తరగతి వరకు చదివాను. ఉత్తరం పుస్తకంలో ఉన్నట్టు ఉండాలని మా పంతులు చెప్పేవాడు.

మాత్ర నేను ఒక్కరోజూ మానలేదు. ఆయన పై అరలో పెట్టాడు. ఆయన పాళీకి పోగానే నేను స్టూలు వేసుకుని తీసుకున్నాను. నీ ఉత్తరం రెండుసార్లు చదివి చెప్పినా వినలేదు, మరేం చేయను? డాక్టర్ గారికి నేను చెప్పింది నిజమే. ఆ చెరకు రసం మాత్రం నేను అబద్ధం ఆడాననుకుని తాగించాడు. నీ ముప్ఫై సరైన అంకె. నీ పెట్టె మంచిది. నీకు ముందే చెప్పకుండా నిన్ను ఏడిపించినందుకు నాకు సిగ్గుగా ఉంది.

ఎందుకు చెప్పలేదో కూడా రాస్తాను. జబ్బు తగ్గాక డాక్టర్ గారు నన్ను రోజూ ఒక పేజీ రాయమన్నారు. డిసెంబర్‌లో నా పేరు రాయబోతే సగంలో మిగతా అక్షరాలు గుర్తు రాలేదు. ఆ తర్వాత అక్షరాలు వచ్చాయి కానీ ఏం రాయాలో తోచేది కాదు. ఈరోజు ఎండ, ఈరోజు కూడా ఎండ, అని రాసి పెన్ను పెట్టేసేదాన్ని. నలభై ఆరు వచ్చిన రోజు ఆయన ఇంటికొచ్చి ‘పెన్ను దియ్యి, గాళ్ల సంగతి చెప్పాలె’ అన్నాడు. ఆ మొదటి ఉత్తరం నాలుగు రోజులు రాశాను. ఒక్కో మాట కోసం తలలో వెతుక్కుంటూ కూర్చుంటే ఆయన లేచేవాడు, తిరిగేవాడు, మళ్లీ కూర్చునేవాడు. అంత తొందరమనిషి నన్ను ఒక్కసారి కూడా తొందర పెట్టలేదు. రెండో ఉత్తరానికి ఒక రోజు పట్టింది. ఇది రాయడానికి పొయ్యి మీద పప్పు ఉడికేంత సేపు పట్టింది. నిజం చెబితే ఆయన గొడవ ఆపేస్తాడు, గొడవ ఆగితే ఉత్తరాలు ఆగిపోతాయి. అందుకే నోరు మూసుకున్నాను.

పొద్దున నీ ఉత్తరం చదివి వినిపించాను. వెన్నులో సూది అనగానే ఆయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అప్పుడు అడిగాను, ‘పోగు తెగినా ఆగకుంట నడిచే మగ్గం తెర మీద ఎంత చూపిస్తది?’ అని. ‘నూరు చూపిస్తది’ అన్నాడు. ‘మరి బట్ట?’ అన్నాను. ‘బట్టేంది, మొత్తం ఖరాబ్. గసువంటి మగ్గాన్ని ఉరికి బంద్ చెయ్యాలె’ అన్నాడు. ‘నాకొచ్చిన బీమారి గదే, గా గోలి దాన్ని బంద్ చేసేది’ అన్నాను. తర్వాత లేచి గబగబా పై అరలో చేయి పెట్టాడు. మాత్రల ఖాళీ పట్టీలు చేతికొచ్చాయి. వాటిని చూశాడు, నన్ను చూశాడు. ‘గింత మోసమా నువ్వు’ అని ఏడ్చాడు. ఏడ్చింది రాయవద్దన్నాడు, రాస్తున్నాను.

బిడ్డా, నేను ఆయన్ని ఎవరు నువ్వు అని అడిగిన ఆ రెండు నెలలూ నాకు గుర్తు లేవు. ఆయనకు ఒక్కరోజు కూడా మరుపు రాలేదు. అందుకే ఆ అంకె పట్టుకుని అలా తిరిగాడు. ఆయన్ని తప్పుపట్టకు.

ఇది పోస్టులో వేయడం లేదు. బస్సు ఎక్కి నేనే తెచ్చి మీ కౌంటరులో ఇస్తున్నాను. జబ్బు చేశాక ఒంటరిగా గల్లీ దాటడం ఇదే మొదటిసారి. ఆయన వెనక నుంచి ఇంకో బస్సులో వస్తాడు, నాకు తెలుసు. చూడనట్టే ఉంటాను.

నీ మేలు ఎప్పటికీ తలుచుకునే,
కనకవ్వ

తా.క.: ఈ తా.క. ఆయనది. ఒక్క అక్షరం దిద్దకుండా రాయమన్నాడు. ‘బిడ్డా, అంకె మంచిగనే ఉన్నదట, లడాయి అయిపోయింది. గని గీమె రాసుడు ఆగద్దు. నువ్వు జర ఏదన్న ఒక్క తప్పు చెయ్యి, మేం మల్ల రాస్తం.’